చెవిలో హోరు - ఒక మత్తుమందు కథ

రాత్రి ఊరు సద్దుమణిగాక నా ఎడమ చెవిలో కీచురాయి కూత మొదలవుతుంది. నాలుగేళ్ళుగా ఇదే వరస. ఇంట్లో చెబితే, "మాకేమీ వినబడటం లేదే, అంతా మీ భ్రమ" అన్నారు. మన నెలవారీ సమావేశాల్లో విచారిస్తే ఈ బాధ చాలామందికి ఉన్నదని తెలిసింది. అందుకే దీని చరిత్ర కొంత చదివి, మీ ముందుంచుతున్నాను. నేను వైద్యుడను కాను. తప్పులుంటే పెద్దలు మన్నించగలరు.

పూర్వం చెవిలో హోరు పుట్టి, కళ్ళు తిరిగి పడిపోతే మెదడుకు రక్తం పోటెత్తిందని భావించి, ఒంట్లో రక్తం తీసేవారట. 1861లో పారిస్ నగరంలో ప్రాస్పర్ మెనియేర్ అనే వైద్యుడు, ఈ జబ్బు మూలం లోపలి చెవిలో ఉన్నదని అక్కడి వైద్య అకాడమీకి నివేదించాడు. తర్వాత ఆ జబ్బుకు ఆయన పేరే పెట్టారు.

తరువాతివాడు రాబర్ట్ బారనీ. వియన్నాలో రోగుల చెవులు కడిగేటప్పుడు నీళ్ళు మరీ చల్లగా ఉన్నా, మరీ వేడిగా ఉన్నా వారికి కళ్ళు తిరగడం గమనించాడు. దాన్నిబట్టి లోపలి చెవి పనితీరును పరీక్షించే పద్ధతి కనిపెట్టాడు. 1914 సంవత్సరపు నోబెల్ బహుమతి తనకు వచ్చిందన్న కబురు అందేసరికి ఆయన రష్యాలో యుద్ధఖైదీ! విడుదలయ్యాక స్వీడన్‌లోని ఉప్సలాలో స్థిరపడ్డాడు. 1935లో ఒక రోగికి ముక్కు లోపల ప్రొకెయిన్ అనే మొద్దుబార్చే మందు సూదివేయగా, అనుకోకుండా చెవిలో హోరు తగ్గింది.

1943లో అదే స్వీడన్‌లో లోఫ్‌గ్రెన్, లుండ్‌క్విస్ట్ అనే ఇద్దరు లిడోకెయిన్ తయారుచేశారు. పన్ను పీకే ముందు చిగురుకు ఇచ్చే జైలోకెయిన్ ఇదే. 1960లలో అక్కడి వైద్యులు మెనియేర్ జబ్బుతో కళ్ళు తిరిగేవారికి దీన్ని నరంలోకి ఎక్కించి చూశారు. చెవి హోరు మీదా ఎన్నో పరిశోధనలు జరిగాయి. చాలామందికి హోరు తగ్గింది గాని అది కాసేపే. మందు ప్రభావం దిగగానే మళ్ళీ మామూలే. పైగా రక్తంలోకి ఎక్కిస్తే గుండెకూ మెదడుకూ ప్రమాదం. అందుచేత ఇది రోజువారీ వైద్యం కాలేదు.

అయితే ఈ శ్రమ వృథా పోలేదు. ఈ మందు పని నాడుల్లో నడిచే సంకేతాలను అడ్డుకోవడం. దానితో హోరు తగ్గిందంటే, ఆ మోత నిజంగా మన నాడుల్లో పుడుతున్నదేనన్న మాట. ఇంకొకరికి వినబడనంత మాత్రాన భ్రమ కాదు.

కనుక మిత్రులారా, హోరును దాచుకోకండి. చెవి వైద్యునికి చూపించండి. హఠాత్తుగా వినికిడి తగ్గితే ఆ రోజే వెళ్ళండి. ఇంట్లో పిల్లలకు ఒక మనవి: పెద్దవాళ్ళు చెప్పేది నమ్మండి.