నానీ ఒడి - ఖలీఫా తీర్పు

భార్యాభర్తల మధ్య తలాక్ జరగవచ్చును గాని, నానీకీ నవాసాకూ మధ్య తలాక్ అంటూ లేదు. ఇది నేను కల్పించి చెప్పే మాట కాదండీ, మన చరిత్రలో ఉన్నదే.

హజ్రత్ ఉమర్ (రజి) ఒక అన్సారీ స్త్రీని వివాహమాడారు. వారికి ఆసిమ్ అనే కొడుకు పుట్టాడు. తర్వాత ఆ దంపతులు విడిపోయారు. పిమ్మట జరిగిన సంగతి ఇమామ్ మాలిక్ (మరణం 795) గారి 'మువత్తా' గ్రంథంలో ఉన్నది. ఉమర్ ఒకనాడు ఖుబా వెళ్ళారు. మస్జిదు ఆవరణలో ఆసిమ్ ఆడుకుంటున్నాడు. తండ్రి మనసు ఆగుతుందా? బిడ్డను చెయ్యి పట్టి వాహనం మీద తన ముందు కూర్చోబెట్టుకున్నారు. అంతలో పిల్లవాడి నానీ వచ్చి అడ్డుపడింది. తగవు ఖలీఫా హజ్రత్ అబూబక్ర్ (రజి) దగ్గరకు పోయింది. ఆయన ఖిలాఫత్ 632 నుండి 634 వరకు. బిడ్డ తనవాడని ఉమర్, కాదు తనవాడని నానీ వాదించారు. పిల్లవాణ్ణి ఆమెకే వదిలిపెట్టమని ఖలీఫా తీర్పు చెప్పారు. ఉమర్ అంతటివారు మారు మాట్లాడలేదు!

ఆ ఆసిమ్ కూతురి కొడుకే 717లో ఖలీఫా అయి, న్యాయానికి పేరు పొందిన ఉమర్ బిన్ అబ్దుల్ అజీజ్.

హనఫీ ఫిఖహ్ ప్రకారం మగపిల్లవాడికి 7 ఏళ్ళు వచ్చేవరకు, ఆడపిల్లకు యుక్తవయసు వచ్చేవరకు 'హిజానత్', అంటే పెంచే హక్కు, తల్లిది. ఆమె లేకపోయినా, హక్కు పోయినా నానీది, ఆ తర్వాత దాదీది. ఖర్చు మాత్రం తండ్రిదే. మన దేశంలో 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం కింద కోర్టువారు పిల్లల మేలు చూసి నిర్ణయిస్తారు. కాని కేసు తెమిలేలోగా పిల్లలు పెద్దవాళ్ళయిపోతారు, పెద్దవాళ్ళు మట్టిలో కలిసిపోతారు.

మన మొహల్లాల్లో తలాక్ పంచాయితీ జరిగితే మెహర్ లెక్క చూస్తాం, జహేజ్ సామాను గిన్నెలతో సహా లిస్టు రాస్తాం. పిల్లవాడు ఈద్ నాడు దాదా చెయ్యి పట్టుకుని నమాజుకు పోవాలా వద్దా అన్నది మాత్రం ఒక్కరూ అడగరు. పిల్ల తల్లి దగ్గరుంటే దాదీకి, తండ్రి దగ్గరుంటే నానీకి తలుపులు మూసుకుంటాయి. తప్పు చేయనివాళ్ళకే శిక్ష!

కాబట్టి జమాత్ పెద్దలకు నా మనవి ఒక్కటే. ఆ కాగితంలో ఇంకొక్క పంక్తి రాయించండి: పిల్లలు ఏ రోజున ఎవరింటికి వెళ్ళి రావాలో. మారు మాట్లాడకుండా ఒప్పుకున్న ఉమర్ మనకు ఆదర్శం కావాలి.