పిల్లలపై కాఫీ, కెఫీన్ ప్రభావాలు

కెఫీన్ అనేది కాఫీ గింజలు, తేయాకు, కోకో గింజలు మొదలైన వాటిలో సహజంగా లభించే ఒక ఆల్కలాయిడు. దీనిని 1819లో జర్మనీకి చెందిన రసాయన శాస్త్రవేత్త ఫ్రీడ్లీబ్ ఫెర్డినాండ్ రూంగె కాఫీ గింజల నుండి వేరు చేసాడు. ఇది నాడీవ్యవస్థను ఉత్తేజపరచే పదార్థము. ఆరోగ్యవంతులైన పెద్దలు మితంగా తీసుకుంటే దీనివలన చెప్పుకోదగిన హాని లేదని ఆహార భద్రతా సంస్థలు భావిస్తున్నాయి. అయితే పిల్లల శరీర బరువు తక్కువ, నిద్ర అవసరం ఎక్కువ. పైగా ఎదిగే వయసులో రక్తవృద్ధికి ఇనుము అధికంగా కావలసి ఉంటుంది. కనుక పెద్దలకు వర్తించే అంచనాలు పిల్లలకు యథాతథంగా వర్తించవు. కాఫీ తాగితే పొడుగు ఎదగరనే ప్రచారం విస్తృతంగా ఉన్నది గాని, పిల్లల విషయంలో నిజంగా పట్టించుకోవలసిన ప్రభావాలు వేరే ఉన్నాయి.

శరీరంలో కెఫీన్ పనిచేసే విధానం

మనిషి మేలుకొని ఉన్నంతసేపు మెదడులో ఎడినోసిన్ అనే పదార్థం క్రమంగా పోగవుతుంది. ఇది నాడీకణాలపై ఉండే గ్రాహకాలకు అతుక్కొన్నపుడు మగత కలుగుతుంది. కెఫీన్ అణువు నిర్మాణంలో ఎడినోసిన్‌ను కొంత పోలి ఉండుట వలన అవే గ్రాహకాలలో చేరి, ఎడినోసిన్‌కు చోటు లేకుండా చేస్తుంది. ఒక తాళంలో వేరే తాళంచెవి ఇరుక్కొని, అసలు చెవి దూరకుండా అడ్డుపడినట్లన్నమాట. దీనివలన అలసట తీరదు, అలసిన సంగతి తెలియకుండా ఉంటుంది.

తాగిన అరగంట నుండి గంట లోపు కెఫీన్ రక్తంలో గరిష్ఠస్థాయికి చేరుతుంది. కాలేయంలోని ఒక ఎంజైము దీనిని విచ్ఛిన్నం చేస్తుంది. పెద్దలలో సగం కెఫీన్ తొలగిపోవడానికి సుమారు 5 గంటలు పడుతుంది. అప్పుడే పుట్టిన శిశువులలో ఈ ఎంజైము ఇంకా పరిణతి చెందదు గనుక అదే పనికి 80 నుండి 100 గంటలు, అనగా మూడు నాలుగు రోజులు పట్టవచ్చును. కొన్ని నెలలు గడిచిన తరువాత గాని శిశువుకు ఈ శక్తి అలవడదు. తల్లి తాగిన కాఫీలోని కెఫీన్ కొద్ది మొత్తంలో చనుబాలలోకి కూడా వస్తుంది. పాలిచ్చే తల్లులు కాఫీని పరిమితంగా తీసుకోవాలని వైద్యులు చెప్పడానికి కారణం ఇదే.

విచిత్రమేమిటంటే ఇదే కెఫీన్ శిశువులకు ప్రాణాధారమైన మందు కూడా. నెలలు నిండకుండా పుట్టిన శిశువులు మధ్యమధ్యలో ఊపిరి తీసుకోవడం మరచిపోతుంటారు. వీరికి ఆసుపత్రులలో కెఫీన్ సిట్రేట్ అనే మందును, బరువును బట్టి కచ్చితమైన మోతాదులో, వైద్యుల పర్యవేక్షణలో ఇస్తారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ పిల్లల అత్యవసర ఔషధాల జాబితాలో ఇది ఉన్నది.

ఎంత మోతాదు?

2015లో ఐరోపా ఆహార భద్రతా సంస్థ తన నివేదికలో, పిల్లలు రోజుకు కిలో శరీర బరువుకు 3 మిల్లీగ్రాముల వరకు కెఫీన్ తీసుకుంటే ఆందోళన పడనవసరం లేదని పేర్కొన్నది. కెనడా ఆరోగ్యశాఖ మరికొంత కఠినంగా 4-6 ఏళ్ళ పిల్లలకు రోజుకు 45, 7-9 ఏళ్ళవారికి 62.5, 10-12 ఏళ్ళవారికి 85 మిల్లీగ్రాములు మించరాదని సూచించినది. ఇవి గరిష్ఠ పరిమితులు మాత్రమే. పిల్లలకు కెఫీన్ అవసరమని వీటి అర్థం కాదు.

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ రూపొందించిన 2024 నాటి ఆహార మార్గదర్శకాల ప్రకారం 150 మి.లీ. డికాక్షన్ కాఫీలో 80-120, ఇన్‌స్టంట్ కాఫీలో 50-65, టీలో 30-65 మిల్లీగ్రాముల కెఫీన్ ఉంటుంది. ఈ లెక్కన 20 కిలోల బరువున్న పిల్లవాడికి ఐరోపా పరిమితి రోజుకు 60 మిల్లీగ్రాములు. పెద్దలు తాగే డికాక్షన్ కాఫీ ఒక్క కప్పుతోనే ఈ హద్దు దాటిపోతుంది. తెలుగు ఇళ్ళలో పిల్లలకు ఇచ్చే, గ్లాసెడు పాలలో రంగు కోసం ఒక చెంచా డికాక్షన్ కలిపిన "కాఫీ"లో కెఫీన్ ఇంతకంటె బాగా తక్కువ. కాఫీపొడిలో కలిపే చికోరీలో కెఫీన్ అసలే ఉండదు. అయితే మోతాదు లెక్కించేటప్పుడు అదే రోజు తాగిన టీని, కోలా వంటి శీతల పానీయాలను, తిన్న చాక్లెట్లను కూడా కలుపుకోవలెను.

కాఫీ వలన పొడుగు తగ్గుతుందా?

తగ్గుతుందనుటకు ఆధారాలు లేవు. ఈ నమ్మకానికి బలం చేకూర్చిన వాటిలో వ్యాపార ప్రకటనలు కూడా ఉన్నాయి. అమెరికాలో సి.డబ్ల్యు.పోస్ట్ అనే వ్యాపారి 1895లో గోధుమలు, గోధుమ తవుడు, బెల్లపు మడ్డితో "పోస్టమ్" అనే పానీయాన్ని తయారుచేసి, కాఫీ ఆరోగ్యానికి, ముఖ్యంగా పిల్లలకు చేటని విస్తృతంగా ప్రచారం చేయించాడు.

కెఫీన్ వలన మూత్రం ద్వారా కొద్దిపాటి కాల్షియం పోతుంది, పేగులలో దాని శోషణ కూడా స్వల్పంగా తగ్గుతుంది. కప్పు కాఫీ వలన కలిగే ఈ నష్టాన్ని రెండు మూడు చెంచాల పాలు పూడ్చగలవు. కౌమార వయసులో ఉన్న 81 మంది అమెరికా బాలికలను ఆరేళ్ళపాటు పరిశీలించి 1998లో ప్రచురించిన అధ్యయనంలో కెఫీన్ వాడకానికి, ఎముకల వృద్ధికి సంబంధం కనబడలేదు. కాని పాలు మానిపించి వాటి స్థానంలో నీళ్ళ కాఫీ, టీ ఇస్తే పిల్లలకు మాంసకృత్తులు, కాల్షియం అందవు. ఆ లోటుకు కెఫీన్‌ను తప్పు పట్టలేము.

రక్తహీనత

ఈ విషయంపై కుటుంబాలలో అవగాహన తక్కువ. కాఫీ, టీలలోని పాలీఫినాల్ పదార్థాలు ఆహారంలోని ఇనుముతో కలిసి, అది శరీరానికి పట్టకుండా చేస్తాయి. ఇది కెఫీన్ చేసే పని కాదు గనుక కెఫీన్ తీసివేసిన కాఫీకి కూడా ఈ గుణం ఉంటుంది. 1983లో అమెరికాలో పెద్దలపై జరిపిన ప్రయోగంలో భోజనంతో కాఫీ తాగినపుడు ఇనుము శోషణ 39 శాతం, టీ తాగినపుడు 64 శాతం తగ్గినది. భోజనానికి గంట ముందు తాగిన కాఫీ వలన తగ్గుదల లేదు. గంట తరువాత తాగినపుడు మాత్రం భోజనంతో పాటు తాగినంత నష్టమూ జరిగినది.

ఆకుకూరలు, పప్పులు, ధాన్యాలలోని ఇనుము అసలే తక్కువగా ఒంటబడుతుంది. 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆరు నెలల నుండి ఐదేళ్ళ లోపు పిల్లలలో రక్తహీనత ఆంధ్ర ప్రదేశ్‌లో 63.2 శాతం, తెలంగాణలో 70 శాతం. దీనికి కారణాలు అనేకం ఉన్నప్పటికీ, ఇటువంటి చోట ఇడ్లీ, ఉప్మాలతో పాటే పిల్లలకు కాఫీ, టీలు పట్టించే అలవాటు చిన్న విషయం కాదు. భోజనానికి కనీసం గంట ముందు, గంట తరువాత వీటిని తీసుకోరాదని జాతీయ పోషకాహార సంస్థ సూచించినది. నిమ్మ, జామ, ఉసిరి వంటి వాటిలోని సి విటమిన్ ఇనుము శోషణకు తోడ్పడుతుంది.

నిద్ర, గుండె

6-12 ఏళ్ళ పిల్లలకు రోజుకు 9 నుండి 12 గంటలు, 13-18 ఏళ్ళవారికి 8 నుండి 10 గంటలు నిద్ర అవసరమని అమెరికా నిద్రావైద్య అకాడమీ 2016లో పేర్కొన్నది. పెరుగుదల హార్మోను అధికంగా స్రవించేది గాఢనిద్రలోనే. చదివిన విషయాలు జ్ఞాపకంలో స్థిరపడటానికి కూడా నిద్ర తోడ్పడుతుంది. సాయంత్రం ఆరింటికి తాగిన కాఫీలోని కెఫీన్‌లో సుమారు సగం రాత్రి పదకొండింటికి కూడా శరీరంలో ఉంటుంది. పరీక్షల రోజులలో రాత్రుళ్ళు కాఫీ తాగి చదివే విద్యార్థి మరునాడు మగతగా ఉండి, దానిని పోగొట్టుకోవడానికి మళ్ళీ కాఫీ తాగుతాడు. అలవాటైన తరువాత హఠాత్తుగా మానితే 12 నుండి 24 గంటలలో తలనొప్పి, చిరాకు మొదలవుతాయి. కనుక కొద్దికొద్దిగా తగ్గించుట మేలు.

అధిక మోతాదులో గుండెదడ, చేతుల వణుకు, వాంతులు, ఆందోళన కలుగుతాయి. 2017లో అమెరికాలోని దక్షిణ కరోలినా రాష్ట్రంలో 16 ఏళ్ళ విద్యార్థి రెండు గంటల లోపు కాఫీ, శీతల పానీయం, ఎనర్జీ డ్రింకు వరుసగా తాగి మరణించాడు. కెఫీన్ వలన గుండె లయ తప్పి ఉంటుందని అధికారులు ప్రకటించారు. ఇటువంటివి అరుదు.

ఎనర్జీ డ్రింకులు, చట్టాలు

వేడి కాఫీని గుక్కలు గుక్కలుగా తాగుతారు. చల్లని, తియ్యని ఎనర్జీ డ్రింకును పిల్లలు ఒక్కసారిగా తాగేయగలరు. వీటికి పిల్లల ఆహారంలో స్థానం లేదని అమెరికా పిల్లల వైద్యుల అకాడమీ 2011లో స్పష్టం చేసినది. భారతదేశంలో కెఫీన్ పానీయాలలో లీటరుకు 145 నుండి 300 మిల్లీగ్రాముల వరకే కెఫీన్ ఉండాలని, పిల్లలు తాగరాదనే హెచ్చరికను సీసాపై ముద్రించాలని నిబంధన ఉన్నది. కాని ఆ హెచ్చరిక చిన్న అక్షరాలలో ఉండిపోతుంది. దక్షిణ కొరియా 2018లో పాఠశాలలలో కాఫీ అమ్మకాన్ని నిషేధించినది. లిథువేనియా 2014లో, లాట్వియా 2016లో, పోలండ్ 2024 జనవరి 1 నుండి 18 ఏళ్ళ లోపువారికి ఎనర్జీ డ్రింకులు అమ్మరాదని చట్టాలు అమలు చేసాయి.