వేమోర్కు విద్యుచ్ఛాల

నార్వే దేశమున టెలిమార్కు మండలమందు ర్యూకన్ అను పట్టణము కలదు. దాని పేరు చేరువనున్న జలపాతమునుండి వచ్చినది. ప్రాచీన నార్సు భాషలో 'ర్యూకాండి' యనగా పొగలు గ్రక్కుచున్నది యని యర్థము. తుంపురులు పొగవలె లేచుటచే నా పేరు గలిగెను. ఈ పదాంతమునందలి వర్తమానార్థక ప్రత్యయము సంస్కృత శతృప్రత్యయమునకు జ్ఞాతి. వ్యాకరణమెరిగినవారికి ఇంతమాత్రమే సంతోషకరము. అయితే 104 మీటర్ల ఆ జలపాతము నేడు సంవత్సరమున పెక్కుదినములు పొగలు గ్రక్కదు. నీరు గొట్టములలోనికి బోయినది. అర్థము భూతకాలమునకు జరిగినను, పేరు శత్రంతముగనే నిలిచియున్నది.

ఆ నీటిని మరల్చినది ఎరువు. 1903లో బిర్కెలాండు అను భౌతికశాస్త్రజ్ఞుడును, ఐడె యను ఇంజనీరును గాలియందలి నత్రజనిని విద్యుజ్జ్వాలచే బంధించు విధానమును గనిపెట్టిరి. దానికి విద్యుత్తు విస్తారముగ వలయును. అందులకై 1911లో పని నారంభించిన వేమోర్కు శాల 108 మెగావాట్ల సామర్థ్యముతో ఆనాడు లోకమున కెల్ల పెద్దది. సుమారు 300 మీటర్ల యెత్తునుండి దిగు నీరు పది యంత్రములను ద్రిప్పెడిది. శాల 1971లో ఆగెను. 1988లో పారిశ్రామిక శ్రామికుల ప్రదర్శనశాలగా తెరవబడెను. 2015లో ఈ ప్రాంతము ప్రపంచవారసత్వ స్థలములలో చేరినది.

లోయపై వ్రేలాడు వంతెనను దాటి వచ్చు సందర్శకులలో పలువురు ఎరువునకై రారు, భారజలమునకై వత్తురు. ఇచట నొక పొరపాటు కలదు. భారజలము పుట్టినది ఈ యంత్రశాలలో గాదు. దీని యెదుటనుండిన ఉదజని కర్మాగారమున. జ్వాలావిధానము వెనుకబడిన పిదప ఎరువునకు ఉదజని కావలసివచ్చెను. నీటిని విద్యుత్తుచే విశ్లేషించునపుడు భారజలము ఉపఫలముగ లభించెడిది. జర్మనుల పరమాణుపరిశోధనకు అదియే యక్కరపడెను. 1943 ఫిబ్రవరి 27వ తేది రాత్రి, బ్రిటనులో శిక్షణపొందిన నార్వే వీరులు లోయ దిగి యెక్కి, ఆ ఘటములను ప్రేలుడుమందుతో ధ్వంసము చేసిరి. ఒక్క ప్రాణమైనను పోలేదు.

కథ చెప్పువారు తరచుగ ఆ రాత్రిని విస్తరించి, తరువాతి సంవత్సరమును రెండు మాటలతో విడిచెదరు. ఇది న్యాయము గాదు. 1944 ఫిబ్రవరి 20న, మిగిలిన భారజలమును గొనిపోవు 'హైడ్రో' యను ఓడను స్వదేశీయులే టిన్ సరస్సున ముంచిరి. ప్రయాణికులు తక్కువగ నుండు ఆదివారమును జూచి ఎన్నుకొనినను, 18 మంది మరణించిరి. వారిలో 14 గురు నార్వేవారే.

ఉదజని కర్మాగారము 1977లో కూల్చబడెను. దాని నేలమాళిగ శిథిలములక్రింద నలుబదియేండ్లు పడియుండి, త్రవ్వకములచే వెలువడి, 2022 నుండి సందర్శకులకు తెరవబడినది.