జంటలో సగం

మథియాస్ బో అంటే మనలో చాలామందికి తాప్సీ భర్త. ఆటల పేజీ చదివేవాళ్లకైతే సాత్విక్-చిరాగ్‌ల పాత కోచ్. డెన్మార్క్ వాళ్లని అడిగితే 'బో-మోగెన్సెన్' అంటారు, ఒకే మాటలాగా. ఏ గుర్తింపు చూసినా పక్కన ఇంకో పేరు ఉండాల్సిందే. డబుల్స్ ఆటగాడి చరిత్రంతా ఇంతేనేమో అనిపిస్తుంది నాకు.

డెన్మార్క్ జనాభా మన హైదరాబాద్ కంటే తక్కువ. అయినా 1996లో హోయర్, తర్వాత టోక్యోలో, పారిస్‌లో అక్సెల్సెన్ ఒలింపిక్ సింగిల్స్ స్వర్ణాలు తెచ్చారు. ఆ దేశపు బ్యాడ్మింటన్ అనగానే గుర్తొచ్చేది వాళ్లే. కానీ పురుషుల డబుల్స్ సంగతి వేరు. 1992లో ఒలింపిక్స్‌లోకి బ్యాడ్మింటన్ వచ్చినప్పటినుంచి 2008 దాకా అందులో ప్రతి పతకమూ ఆసియాకే వెళ్లింది. ఆ గోడకి 2012లో లండన్‌లో మొదటి బీట పెట్టింది బో, కార్స్టెన్ మోగెన్సెన్. సెమీస్‌లో కొరియా జంటని మూడు గేముల్లో ఓడించారు. ఫైనల్లో చైనా జంట కై యున్, ఫు హైఫెంగ్ చేతిలో ఓడారు. వెండి పతకం. మరుసటి ఏడు ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లోనూ వెండే. ఆల్ ఇంగ్లండ్ మాత్రం రెండుసార్లు గెలిచారు, 2011లో, 2015లో.

వెనక ఒకడు స్మాష్ కొడతాడు, బలహీనంగా తిరిగొచ్చిన షటిల్‌ని ముందున్నవాడు నెట్ దగ్గరే ముగిస్తాడు. ఆ పాయింట్ ఎవరిది? స్కోరుబోర్డు ఆ ప్రశ్నే అడగదు. చరిత్ర రాసేవాళ్లు మాత్రం ఎప్పుడూ ఒక్క పేరు కోసమే వెతుకుతారు.

2016 మొదట్లో మోగెన్సెన్‌కి మెదడులో రక్తస్రావమైంది, ఆపరేషన్ చేశారు. సింగిల్స్‌లో అయితే అది ఒక్కడి కష్టం. ఇక్కడ ఒంట్లో ఏ లోపమూ లేని బో ఆట కూడా ఆగిపోయేదే. అదే ఏడు ఆగస్టులో ఇద్దరూ రియోలో ఆడారు. పతకం రాలేదు. 2017లో సొంత గడ్డపై, కోల్డింగ్‌లో, యూరోపియన్ టైటిల్ గెలిచారు. అప్పటికి బోకి 36 ఏళ్లు.

2020లో రాకెట్ పక్కనపెట్టి, మరుసటి ఏడు భారత డబుల్స్ కోచ్‌గా వచ్చాడు. అమలాపురం కుర్రాడు సాత్విక్, ముంబయి చిరాగ్ టోక్యోలో గ్రూపులో మూడింట రెండు మ్యాచ్‌లు గెలిచారు. అందులో ఒకటి చివరికి స్వర్ణం గెలిచిన తైవాన్ జంటపైనే. అయినా క్వార్టర్స్ చేరలేదు! 2023లో ఆసియా క్రీడల స్వర్ణం, ప్రపంచ నంబర్ వన్ ర్యాంకు వచ్చాయి. పారిస్‌లో క్వార్టర్స్‌లోనే ఓడారు. బో కోచింగ్‌కి సెలవు చెప్పాడు.

కోర్టు పక్కన కుర్చీలో కూర్చున్నప్పుడు కూడా అతను గెలవాలంటే ఇంకొకరు ఆడాలి. దీన్ని తక్కువతనంగా చూడటం మనకి అలవాటు. నాకైతే అది ఒక విద్యలా కనిపిస్తుంది. పక్కవాడు ఎక్కడున్నాడో తల తిప్పి చూడకుండానే తెలుసుకునే విద్య. రికార్డు పుస్తకంలో దానికి గడి లేదు.