సమర్త పండగ – మన చేతిలో కెమెరా

పెద్దమనిషైన పిల్లకు చేసే పండగకు మన ఊళ్లలో చాలా పేర్లున్నాయి. సమర్త అంటాం, పుష్పవతి అంటాం, ఈడేరింది అంటాం. ఇప్పుడు కార్డుల మీద ‘నూతన పట్టువస్త్రాలంకరణ మహోత్సవం’ అని అచ్చేయిస్తున్నారు. పేరుతో పాటు పండగ తీరూ మారింది. ఆ మార్పు మన అమ్మమ్మల నోట ఉంది, రాసిపెట్టుకున్నది తక్కువ. అందుకే ఈ ఏడాది మన సమాఖ్య తరఫున ఒక సభ్యురాలి ఇంటి పండగను చిన్న డాక్యుమెంటరీగా తీశాం.

పూర్వం కొన్ని కులాల్లో పిల్ల పెద్దమనిషి కాకముందే పెళ్లి చేసేవారు. అలాంటి ఇళ్లలో సమర్త అంటే పిల్లను అత్తారింటికి పంపే వేళయిందని అర్థం. మిగతా ఇళ్లలో, పిల్ల పెళ్లికి ఎదిగిందని బంధువులకు కబురు. 1929లో వచ్చిన శారదా చట్టం ఆడపిల్ల పెళ్లికి కనీసం 14 ఏళ్లు ఉండాలంది. 1978లో అది 18 అయింది. బాల్యవివాహాల నిషేధానికి 2006లో మరో చట్టం వచ్చింది. పిల్ల బడికి పోయే ఏళ్లు పెరిగాయి గానీ, పండగలో ఉన్న ఆ పాత కబురు ఇంకా పూర్తిగా పోలేదు.

పండగను బొమ్మల్లో దాచుకోవడం మనకు అలవాటే. మొదట స్టూడియోకి పోయి దిగిన ఒక్క ఫొటో ఉండేది. తర్వాత ఆల్బం, వీడియో క్యాసెట్టు, సీడీ, ఇప్పుడు డ్రోను. అందులో మేనమామ పెట్టిన చీర, స్టేజీ, భోజనాలు అన్నీ ఉంటాయి. పిల్ల మాట మాత్రం ఒక్కటీ ఉండదు. పైన పాట పెట్టేస్తారు.

ఆడవాళ్లు కెమెరా పట్టడం మన దగ్గర కొత్తేం కాదు. జహీరాబాద్ దగ్గర పస్తాపూర్‌లో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల దళిత మహిళలు 1990ల చివర్లోనే వీడియో తీయడం నేర్చుకున్నారు. వాళ్లలో చదువు రానివాళ్లు చాలామంది. విత్తనాల మీద, వరంగల్ బీటీ పత్తి రైతుల కష్టం మీద సినిమాలు తీశారు. 2008లో మాచునూర్‌లో సంఘం రేడియో కూడా మొదలుపెట్టారు. ఎదుటిమనిషి కంటికి సమానంగా కెమెరా పెట్టి తీసేదాన్ని వాళ్లు ‘సంఘం షాట్’ అంటారు. సంఘంలో అందరం సమానమే కదా! మేమూ ఆ పద్ధతే పట్టుకున్నాం. పిల్ల చాప మీద కూర్చుంటే మేమూ కింద కూర్చునే తీశాం.

నలుగురం కలిసి పనిచేశాం. ఫోను మాదే. చొక్కాకు పెట్టుకునే చిన్న మైకు, స్టాండు కొన్నాం. ఆటో ఛార్జీలతో కలిపి మూడు వేలు దాటలేదు. ఫంక్షన్ రోజు డీజే మోతలో మాట వినపడదని, మాటలన్నీ ముందే ఇంట్లో తీసుకున్నాం. లైట్లు లేవు కాబట్టి కిటికీ వెలుగులో కూర్చోబెట్టాం. ‘మీకెట్లా అనిపించింది?’ అంటే ఎవరూ నోరు విప్పరు. ‘ఏం తినిపించారు? ఎక్కడ పడుకోబెట్టారు?’ అంటే అమ్మమ్మ ఆగకుండా చెప్పింది. తాటాకు చాప, వేరే కంచం, నువ్వుల చిమ్మిలి, హారతి పాటలు, మైల బట్టలు తీసుకుపోయిన చాకలి అక్క, అందరూ ఆమె మాటల్లోకి వచ్చారు.

పిల్ల తొమ్మిదో తరగతి. తనను అడిగితే చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత మెల్లగా, “నా ఫొటోతో ఫ్లెక్సీ బడి దారిలో కట్టొద్దు. మగపిల్లలు ఏడిపిస్తారు. నేనింక బడికి పోను,” అంది. ఇంట్లో ఎవరూ తనని ఈ మాట అడగలేదు. మీ అమ్మకు వినిపించొచ్చా అని అడిగి, ఆమె ఒప్పుకున్నాకే వినిపించాం. తల్లి రెండుసార్లు విన్నది. మేనమామ “డబ్బులు కట్టేశాను,” అని సణిగినా, ఫ్లెక్సీ ఇంటి గుమ్మం దగ్గరే కట్టారు. పిల్ల బడి మానలేదు.

ఇంకో మాట కూడా రికార్డయింది. ఒక పెద్దాయన “సంబంధం ఉంది, చూద్దామా?” అంటే తల్లి కెమెరా ముందే, “ఇంటర్ అయ్యేదాకా ఆ మాటే ఎత్తొద్దన్నా,” అంది. గ్రామ సంఘం మీటింగులో పద్దెనిమిది నిమిషాల సినిమా వేసినప్పుడు ఆ మాట ఊరంతా విన్నట్టయింది. ఇక ఆమె ఒక్కతే ఆ మాట మీద నిలబడక్కర్లేదు, మనందరం సాక్షులం.

సినిమా మొదట చూసింది పిల్లే. ఒక చోట తీసేయమంది, తీసేశాం. వాట్సాప్‌లో పెట్టకూడదని, సంఘం మీటింగుల్లోనే చూపించాలని తీర్మానం రాసుకున్నాం. అసలు కాపీ పెన్‌డ్రైవ్‌లో సమాఖ్య బీరువాలో ఉంది.

అక్కలారా, చెల్లెళ్లారా, వచ్చే ఏడాది మరో మూడు ఊళ్లలో తీయాలనుకుంటున్నాం. మీ ఇంట్లో పండగ ఉంటే ముందుగా చెప్పండి. మేం రాకపోయినా ఫోను మీ చేతిలోనే ఉంది. అమ్మమ్మ ఉన్నప్పుడే ఆమె సమర్త నాటి సంగతులు చెప్పించుకోండి. టెంటు, ఫ్లెక్సీ, భోజనాలు మాట్లాడకముందే పిల్లను పక్కన కూర్చోబెట్టుకుని ఏం కావాలో, ఏం వద్దో అడగండి. సంఘంలో అప్పు రాయించుకునేది ఆ తర్వాతే.