నడినీట ఆగిన మోటారు

1955 డిసెంబరు 10న నెహ్రూగారు శంకుస్థాపన చేసిన సాగర్ డ్యామ్ నిండాక నాగార్జునకొండ ద్వీపమైంది. మాచర్ల వైపువారికి విజయపురి సౌత్ నుంచి పడవే దారి.

మా చిన్న పడవ మోటారు ఒడ్డున ఒక్క లాగుకే అందుకునేది. వేడెక్కితే నడినీట ఆగేది. అందరూ పెట్రోలునే తిట్టారు. నేనూ కార్బురేటరు రెండుసార్లు విప్పాను, దండగ!

ఒకనాడు ఆరుగురితో ఆగింది, పొద్దు గూకుతోంది. ప్లగ్గు విప్పి, ఇంజనుకు ఆనించి, తాడు లాగించాను. ఒడ్డున నీలంగా కొట్టే స్పార్కు పచ్చగా, పీలగా ఉంది. తెడ్లతోనే ఒడ్డు చేరాం.

ఫ్లైవీలు కింద పాయింట్లు గుంటలు పడ్డాయి. అరగదీస్తే వారానికే మళ్లీ కాలాయి. అసలు దోషం కండెన్సరుది. అది చెడితే పాయింట్లు విడినప్పుడల్లా రవ్వ అక్కడే లేచి, కాయిలు బలం పోతుంది. అది మార్చాక మోటారు మళ్లీ ఆగలేదు. తర్వాత వచ్చిన ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ మోటార్లలో ఆ పాయింట్లే లేవు.