పాముని పెంచుకుని హాస్టల్‌కి వెళ్తే? విశాఖపట్నం నుంచి ఫ్లోరిడా దాకా ఒక చరిత్ర

ఇంటర్ అయిపోయి బీటెక్‌కి వెళ్లబోతున్న తమ్ముళ్లు, చెల్లెళ్లు ఈ మధ్య నన్ను పదే పదే ఒకటే అడుగుతున్నారు. "అన్నా, బాల్ పైథాన్ పెంచుకోవచ్చా? పెంచుకుంటే, రేపు హాస్టల్‌కి వెళ్లేటప్పుడు దాన్ని ఏం చేయాలి?" మొదటి ప్రశ్నకి జవాబు చట్టం చెప్తుంది. రెండో ప్రశ్నకి జవాబు చరిత్ర చెప్తుంది. ఈ ఎపిసోడ్‌లో ఎక్కువసేపు రెండోదాని గురించే మాట్లాడుకుందాం.

మాది ముత్తుకూరు. ఒక పక్క కృష్ణపట్నం పోర్టు, ఇంకో పక్క రొయ్యల గుంటలు, వరి పొలాలు. మా దగ్గర పాము అంటే పెంపుడు జంతువు కాదు. గట్టు మీద జెర్రిపోతు, కాలువలో నీళ్లపాము, వానాకాలం రాత్రిపూట కట్లపాము. అవి వాటి దారిన పోతాయి, మనం మన దారిన పోతాం. మరి పాముని పట్టి, కొన్నాళ్లు దగ్గర ఉంచుకుని, దాన్ని చదివినవాళ్లు ఎవరైనా ఉన్నారా అంటే, ఉన్నారు. దానికోసం ఇదే తీరం వెంట ఉత్తరానికి, విశాఖపట్నం దాకా వెళ్లాలి.

ప్యాట్రిక్ రసెల్ స్కాట్లాండ్ డాక్టర్. ఆయన తమ్ముడు క్లాడ్ ఈస్ట్ ఇండియా కంపెనీలో ఉద్యోగి. ఆ తమ్ముడితో కలిసి 1780ల మొదట్లో విశాఖపట్నం వచ్చాడు. 1785లో కంపెనీ నేచురలిస్ట్‌గా ఉన్న కోనిగ్ చనిపోతే, ఆ పని రసెల్‌కి ఇచ్చారు. అప్పట్లో కంపెనీని కంగారుపెట్టిన సమస్య ఒకటుంది. పాము కరిచింది సరే, అది విషప్పామా కాదా? ఎలా తెలుస్తుంది? రసెల్ పాముల్ని తెప్పించుకుని చూశాడు. పొలుసులు లెక్కపెట్టాడు, కోరలు పరిశీలించాడు. కోళ్ల మీద, కుక్కల మీద విషం ఎలా పనిచేస్తుందో ప్రయోగాలు చేశాడు. పాముకాటుకి మందని అప్పట్లో పేరున్న తంజావూరు మాత్రని కూడా పరీక్షించాడు. విషప్పాముని గుర్తుపట్టాలంటే రంగు, పొలుసులు నమ్ముకుంటే చాలదు, కోరలు చూడాలని తేల్చాడు.

1796లో కోరమాండల్ తీరపు పాముల మీద ఆయన పుస్తకం వచ్చింది. మనం గర్వపడాల్సిన విషయం ఒకటి అందులో ఉంది. పాముల పేర్లు ఆయన చాలావరకు ఇక్కడివాళ్లు పిలిచినట్టే రాసుకున్నాడు. కొండచిలువకి పెద్దపొడ. రక్తపింజరకి కాటుకరేకుల పొడ. పసుపు, నలుపు పట్టీలున్న పాముకి బంగారుపాము. ఆ బంగారు అనే తెలుగు మాట నుంచే 1803లో ఫ్రెంచ్ శాస్త్రవేత్త డోదాన్ కట్లపాముల ప్రజాతికి బంగారస్ అని పేరు పెట్టాడు. ఈ రోజు ప్రపంచంలో ఏ యూనివర్సిటీలో కట్లపాము గురించి చదివినా ఆ తెలుగు మాట పలకాల్సిందే. రక్తపింజరకి మాత్రం 1797లో రసెల్ పేరే పెట్టారు, అదే రసెల్స్ వైపర్. కాటుకరేకుల పొడ అని ఆయనకి చెప్పిన మనుషుల పేర్లు ఆ పుస్తకం అట్ట మీద లేవు.

పాముల గురించి తెలిసిన అలాంటి మనుషులు మన జిల్లాలోనూ ఉన్నారు. నెల్లూరు తీరంలో యానాదుల గురించి తెలియనివాళ్లు ఉండరు. శ్రీహరికోటలో రాకెట్లు రాకముందు అది వాళ్ల అడవి. పొలం గట్లలో ఎలుకలు పట్టడం వాళ్లు తరతరాలుగా చేస్తున్న పని. ఎలుక బొరియలో చెయ్యి పెట్టాలంటే, లోపల ఉన్నది ఎలుకా పామా అని ముందే తెలియాలి. ఆ తెలివి ఏ కోర్సులోనూ దొరకదు.

ఇక్కడి నుంచి దక్షిణంగా వెళ్తే, చెన్నై దాటాక మహాబలిపురం దగ్గర వడనెమ్మేలి అనే ఊరు వస్తుంది. అక్కడ ఇరులర్లు ఉంటారు. ఒకప్పుడు పాము చర్మాల వ్యాపారం వాళ్లకి కూడు పెట్టింది. వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972లో వచ్చింది. 1976లో పాము చర్మాల ఎగుమతి ఆగిపోయింది. పాములకి మంచే జరిగింది, కానీ ఆ కుటుంబాలకి పని పోయింది. అప్పుడు రోములస్ విటేకర్ సాయంతో 1978లో ఇరులర్ల పాములు పట్టేవాళ్ల సహకార సంఘం పుట్టింది. చంపకుండా పట్టడం, విషం తీయడం, ఆ విషాన్ని మందు తయారుచేసే కంపెనీలకి అమ్మడం వాళ్ల పని. మన ప్రభుత్వాసుపత్రిలో పాముకాటుకి ఇచ్చే ఇంజెక్షన్ వెనక వాళ్ల చేతులున్నాయి.

ఇక్కడే మన రెండో ప్రశ్నకి మొదటి జవాబు దొరుకుతుంది. ఆ సంఘంలో పాముని మట్టికుండలో ఉంచుతారు, కుండ మీద గుడ్డ కడతారు. మూడు నాలుగు వారాల్లో కొన్నిసార్లు విషం తీస్తారు. తర్వాత పొట్ట కింద పొలుసు మీద గుర్తు పెట్టి అడవిలో వదిలేస్తారు. ఆ గుర్తు ఉన్న పాము మళ్లీ దొరికితే విషం తీయరు. అంటే పాముని లోపలికి తెచ్చిన రోజే, అది ఎప్పుడు, ఎక్కడికి వెళ్లిపోతుందో వాళ్లకి తెలుసు.

అలా తెలియకుండా తెచ్చుకుంటే ఏమవుతుందో చూడాలంటే అమెరికా వెళ్లాలి. ఫ్లోరిడాలో ఎవర్‌గ్లేడ్స్ అని పెద్ద చిత్తడి నేల ఉంది. అక్కడి ఇళ్లల్లో పెంచుకోవడానికి ఆసియా నుంచి బర్మీస్ పైథాన్‌లు తెప్పించుకున్నారు. పిల్లగా ఉన్నప్పుడు చేతిలో పడుతుంది, పెరిగితే ఇంట్లో పట్టదు. కొందరు పెంచలేక వదిలేశారు, కొన్ని తప్పించుకున్నాయి. 2000 నాటికి అవి అక్కడ అడవిలో పిల్లలు పెట్టి స్థిరపడ్డాయని తేలింది. 2012లో వచ్చిన ఒక అధ్యయనం ప్రకారం, పైథాన్‌లు పాతుకుపోయిన చోట రకూన్‌లు కనిపించడం 99.3 శాతం తగ్గింది, ఒపోసమ్‌లు 98.9 శాతం తగ్గాయి. అదే ఏడాది అమెరికా బర్మీస్ పైథాన్‌ల దిగుమతి ఆపేసింది. అప్పటికే ఆలస్యమైంది.

2017లో ఫ్లోరిడా వాళ్లు ఎవరిని పిలిచారో తెలుసా? వడనెమ్మేలి ఇరులర్లని. మాసి సడైయన్, వడివేల్ గోపాల్ అనే ఇద్దరు అక్కడికి వెళ్లారు. రెండు వారాలు తిరక్కుండానే 13 పైథాన్‌లు పట్టించారు. గడ్డి ఎక్కడ నలిగింది, నేల మీద ఏ గీత ఉంది, ఎండ ఎక్కడ పడుతోంది, అవే వాళ్ల సెన్సార్లు. 2023లో ఇద్దరికీ పద్మశ్రీ వచ్చింది. ఎవరో సరదాకి తెచ్చుకుని వదిలేసిన పాముల్ని పట్టడానికి, మన పక్క రాష్ట్రం గుడిసెల్లోంచి మనుషులు సముద్రాలు దాటి వెళ్లాల్సి వచ్చింది.

ఇంకో కథ కూడా అమెరికాదే, ఇది సెయింట్ లూయిస్ జూ కథ. 1961లో ఒకాయన తన బాల్ పైథాన్‌ని ఆ జూకి ఇచ్చేశాడు. అదే పాము 2020లో, కనీసం 62 ఏళ్ల వయసులో, 7 గుడ్లు పెట్టింది. మీరు ఇప్పుడు కొనాలనుకుంటున్న రకం ఇదే. మామూలుగా ఇళ్లల్లో 20 నుంచి 30 ఏళ్లు బతుకుతుంది. బీటెక్ 4 ఏళ్లు. తర్వాత హైదరాబాదో బెంగళూరో పీజీ రూము. తర్వాత కొంతమందికి ఎమ్మెస్. నేను సాఫ్ట్‌వేర్‌లో చేసినప్పుడు నా రూమ్మేట్ అలారం శబ్దానికే రోజూ గొడవ, ఇక పాము సంగతి మీరే ఊహించుకోండి.

ఇప్పుడు చట్టం. మన దేశపు పాము ఏదైనా సరే, కొండచిలువ పిల్లయినా, రెండుతలల పాము అని మోసగాళ్లు అమ్మేదైనా, ఇంట్లో పెట్టుకోవడం నేరం. కొండచిలువ షెడ్యూల్ 1లో ఉంది, దానికి 3 నుంచి 7 ఏళ్ల జైలు. బాల్ పైథాన్ ఆఫ్రికాది కాబట్టి దానికి వేరే దారి ఉంది. 2022 సవరణ, 2024 నిబంధనల ప్రకారం పరివేష్ పోర్టల్‌లో రిజిస్టర్ చేయాలి. చేతులు మారినా, చనిపోయినా తెలియజేయాలి. కాగితాలు లేకుండా ఎవడో వాట్సాప్‌లో అమ్మితే, చిక్కుల్లో పడేది మీరే.

చట్టప్రకారం ఇప్పటికే ఉన్నవాళ్లకి నాలుగు మాటలు. బాల్ పైథాన్‌కి పెట్టెలో ఒక వైపు 31, 32 డిగ్రీల వేడి, ఇంకో వైపు చల్లగా ఉండాలి. మన నెల్లూరు మే నెలలో కరెంటు పోయిన మూసిన గది దానికి పొయ్యి లాంటిది. తిన్నాక రెండు రోజులు ముట్టుకోకండి. కుబుసం విడిచేటప్పుడు అసలు కదిలించకండి. తల మీద నుంచి కాకుండా పక్క నుంచి చెయ్యి పెట్టి, ఒళ్లంతా ఆనేలా ఎత్తండి. తర్వాత సబ్బుతో చేతులు కడుక్కోండి, సాల్మొనెల్లా అంటుకోవచ్చు. పెద్ద పాము వారం, రెండు వారాలు తినకపోయినా ఏం కాదు, కాబట్టి దసరా సెలవులు పెద్ద సమస్య కాదు. నాలుగేళ్ల కోర్సే సమస్య. అమ్మకి భయమైతే, ఆమె మీద ఆ బరువు పెట్టే హక్కు మనకి లేదు. అనుభవం ఉన్నవాళ్లకి, రిజిస్ట్రేషన్ మార్చి, ముందుగానే అప్పజెప్పండి. చెరువులోనో బకింగ్‌హామ్ కాలువ గట్టునో మాత్రం వదలకండి. ఒకటే కదా అని ఫ్లోరిడాలో కూడా అందరూ అనుకునే ఉంటారు.

రీల్ కోసం ఊళ్లో దొరికిన పాముని పట్టుకునేవాళ్లకి ఒక్క లెక్క. 2000 నుంచి 2019 వరకు మన దేశంలో పాముకాటుతో సుమారు 12 లక్షల మంది చనిపోయారని 2020లో వచ్చిన అధ్యయనం అంచనా. ఎక్కువ మరణాలున్న రాష్ట్రాల్లో మనదీ ఉంది. ఎవరినైనా కరిస్తే కట్లు కట్టొద్దు, కోయొద్దు, కదలనివ్వకుండా 108కి ఫోన్ చేసి ఆసుపత్రికి తీసుకెళ్లండి.

నా మాట ఇంతే. పాముని ఇంటికి తెచ్చేముందు, మీరు ఊరు వదిలే రోజు అది ఎవరి చేతికి వెళ్తుందో పేరుతో సహా చెప్పగలగాలి. చెప్పలేకపోతే తెచ్చుకోకండి. పాముల మీద ఇష్టం నిజంగా ఉంటే దానికి చదువులున్నాయి, అటవీ శాఖ ఉద్యోగాలున్నాయి, మీ ఊళ్లో గట్టు మీద నడిచే యానాది పెద్దాయనా ఉన్నాడు. ఆయన దగ్గర ఒక సాయంత్రం కూర్చుని, ఆయన ఏ పాముని ఏ పేరుతో పిలుస్తాడో రాసుకోండి. ఈసారి చెప్పినాయన పేరు కూడా పక్కనే రాయండి.

ఈ ఎపిసోడ్ హాస్టల్‌కి బ్యాగు సర్దుకుంటున్న ఫ్రెండ్‌కి పంపండి. మళ్లీ కలుద్దాం, ఉంటాను.